నారు పోసినవాడు

నారు పోసినవాడు నీరు పోయకమానునా యని పెద్దలు చెప్పు మాట మనమందఱము ఎఱిగినదే. దైవవిశ్వాసమునకు అది చక్కని మాట. మన పాఠశాల తోటలో మాత్రము నారు పోసినవాడు దసరా సెలవులకు ఇంటికి పోవును. నీరు పోయువాడు కనబడడు. సెలవులు ముగిసి మరల వచ్చునప్పటికి మడిలో ఎండిన పుల్లలు నిలిచియుండును. వానిని పెఱికి పారవేసి, నేల మంచిది కాదనియు, విత్తనము పాతదనియు, అమ్మినవాడు మోసగించెననియు తీర్పు చెప్పి, మరుసటి యేట ఆ పనినే అట్లే ఆరంభింతుము. నేను తోటపని చూచుచున్న కాలములో ఇట్లు మూడుమారులు జరిగినది. నేలది గాని విత్తనముది గాని తప్పు లేదనియు, తప్పు నాదేయనియు మూడవమారు తెలిసికొంటిని. గత సంవత్సరము కోతపండుగనాడు మన పాఠశాల పక్షమున దేవాలయమునకు పంపిన గంపెడు టమాటాలు అంగడిలో కొనినవి. వేలమునందు వానికి మంచి ధర వచ్చినది. పాడినవారు మన పిల్లలు పండించినవే యనుకొనిరి. ఆ సంగతి నన్ను ఇప్పటికిని బాధించుచున్నది కనుకనే ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

తోటపని పోటీలో బహుమానమిచ్చు పద్ధతిని ఏర్పఱచినది నేనే. ఆగస్టు మాసాంతమున వరండాలో వరుసగా నున్న కుండీలను చూచి, ఎవరి నారు ఎక్కువ పొడవుగా నున్నదో వారికి మొదటి బహుమానము. కొలబద్దతో కొలిచి యిచ్చునది కావున పక్షపాతమను మాటకు తావు లేదని సంతోషించితిని. బాలురు బుద్ధిమంతులు, దేనికి బహుమానమిచ్చిన దానినే చేయుదురు. కుండీలను గోడవైపు నీడలోనికి జరిపిరి. ఒక్కొక్క కుండీలో చారెడు విత్తనము గుమ్మరించిరి. దినమునకు మూడుమారులు నీరు పోసిరి. మొలకలు వెలుతురు చాలక మెడలు సాచి జానెడు పొడవు సాగెను. కాడ దారమువలె నుండెను. ఆకు పాలిపోయి పసుపు వన్నె దాల్చెను. మొదటి బహుమానము పొందిన టమాటా నారు 22 సెంటీమీటర్లు. నాటిన మూడవనాటి సాయంకాలమునకు అది నేలమీద వాలిపోయియుండెను. దానిని పెంచిన బాలుడు నన్నేమియు అడుగలేదు. అడిగియున్న నాకు కొంత మేలుగా నుండెడిది.

ఐనచో నారును చూరు క్రింద పోయుటయే తప్పాయని ఎవరైన నడుగవచ్చును. తప్పు కాదు. చలిదేశములలో కడపటి మంచు పోవువఱకు బయట లేతమొక్క బ్రతుకదు గనుక కిటికీ ప్రక్కను విత్తనములు మొలిపింతురు. మనకు ఆ మంచు భయము లేదు. మన భయములు వేఱు. జూను మాసపు తొలకరి జల్లు పెట్టిన విత్తనమును మట్టితో గూడ కాలువలోనికి ఈడ్చుకొనిపోవును. రెండు వానల నడుమ కాయు ఎండ లేతమొలకను మాడ్చును. ఆపై చీమలు, కోళ్లు. టమాటా విత్తనములు గ్రామునకు ఇంచుమించు 300 తూగును. అంత చిన్న ప్రాణిని పెద్ద పొలములో కాచుటకంటె చాపంత చోట కాచుట సులభము. మన రైతులు వరికి ఆకుమడి కట్టుటయు, మిరపకును వంగకును ఎత్తైన నారుమళ్లు చేయుటయు ఇందుకే. పొగాకు విత్తనము గ్రామునకు పదివేలకు పైగా నుండును. నారుమడి లేనిదే ఆ పంటయే లేదు. ఆ పంట ప్రయోజనమును గూర్చి ఈ పత్రికలో నేను మాటాడను.

అన్ని మొక్కలకును నారు తగదు. బెండ, చిక్కుడు, ముల్లంగి మొదలగువానిని ఉన్నచోటనే విత్తవలెను. వాని తల్లివేరు తెగినచో మరల కోలుకొనుట కష్టము. ముల్లంగి నారు నాటినయెడల వచ్చు దుంప కాళ్లు చీలిన బొమ్మవలె నుండును. ఆనప, బీర, కాకర తీగలకు కూడ వేరు కదలుట గిట్టదు. కాని వానిని మోదుగాకు దొన్నెలలో మొలిపించి, దొన్నెతో సహా గుంటలో పెట్టినచో ఏ బాధయు లేదు. దొన్నె మట్టిలో కుళ్లిపోవును. మన ఊరి పెండ్లిపందిళ్లలో ఎన్ని దొన్నెలు వ్యర్థమగుచున్నవో చూచిన, నల్లని ప్లాస్టికు సంచులు కొనుటకు మనస్సొప్పదు.

టమాటా, వంగ, మిరప మాత్రము నారు పోసి నాటవలసినవే. ఎఱ్ఱమన్ను, ఇసుక, బాగుగా మాగిన పశువుల యెరువు సమపాళ్లుగా కలిపి జల్లెడపట్టి, అడుగున చిల్లులుగల తొట్టిలో నింపవలెను. విత్తనమును అరసెంటీమీటరు లోతున, వ్రేలెడు దూరపు వరుసలలో పలుచగా వేసి, తడి గోనెపట్టా కప్పవలెను. మొలక కనబడిన ఆ పూటయే పట్టా తీయవలెను. ఒక్క దినము ఆలస్యమైనను మొలక సాగును. టమాటా వారము దినములలోపలనే లేచును. మిరప పది దినములు తీసికొన్నను దిగులుపడ పనిలేదు. తొట్టిని వరండాలో తూర్పువైపు అంచున, ఉదయపు ఎండ తగులునట్లు పెట్టవలెనే కాని లోపలి గోడకు చేర్పరాదు.

నీటి విషయము కొంత విపులముగా చెప్పవలసియున్నది. మన పిల్లలకు మొక్కయనిన ప్రేమ యున్నది. ఆ ప్రేమ చెంబుతో నీళ్లు గుమ్మరించుటగా పరిణమించుచున్నది. నిత్యము తడిసి గాలియాడని మట్టిలో, ఒత్తుగా నున్న నారును, పిథియము మొదలగు సూక్ష్మజీవులు పట్టును. కాడ మట్టికి ఆనినచోట నీరు చిమ్మినట్లయి మెత్తబడి, మొక్క పై ఆకు పచ్చగా నుండగనే పడిపోవును. దీనినే రైతులు నారుకుళ్లు తెగులందురు. సాయంకాలము నిండుగా నున్న తొట్టి తెల్లవాఱునప్పటికి కుష్ఠు పట్టిన గడ్డమువలె అక్కడక్కడ ఖాళీపడును. మందు కొఱకు పరుగెత్తుటకంటె ముందు చెంబును దాచివేయుట మేలు. చిల్లుల మూతిగల డబ్బాతో ఉదయము ఒక్కమారు పోసి, పై మట్టి పొడిబారిన పిమ్మటనే మరల పోసిన చాలును. ట్రైకోడెర్మా యను మేలుచేయు శిలీంధ్రపు పొడిని విత్తనమునకు పట్టించుట నేడు రైతులకు పరిచితమైన పని, మనమును చేయవచ్చును.

ఇక నేను ముఖ్యముగా వాదింపదలచినది నారు వయస్సును గూర్చి. పెద్ద నారు గట్టిదనియు, లేత నారు చచ్చుననియు మన యందఱి నమ్మకము. సత్యము తఱచు దీనికి వ్యతిరేకము. తొట్టిలో ముదిరిన మొక్క వేళ్లు ఒకదానినొకటి చుట్టుకొని చిక్కుపడును. పెఱికినప్పుడు సగము తెగును. ఆకు మాత్రము పెద్దది గనుక ఎక్కువ నీరు కోరును. ఉన్న కొద్దివేళ్లు దాని దాహము తీర్పలేవు. లేతమొక్కకు ఆకు చిన్నది, వేరు కుదురు, వారములో తేరుకొనును.

ఈ విషయమున మన వంటి పాఠశాలవారు జ్ఞాపకముంచుకొనదగిన కథ యొకటి కలదు. ఆంరీ ద లొలానియే యను ఫ్రెంచి జెసూట్ ఫాదిరిగారు 1961లో మడగాస్కరు దీవికి పోయి, అక్కడి బీదరైతుల వరిసేద్యమును పరిశీలించుచు, 1981లో అంట్సిరాబే పట్టణమున యువరైతుల కొఱకు పాఠశాల నొకదానిని స్థాపించిరి. 1983లో కాలము అనుకూలింపక, నెలనాళ్లు పెరుగవలసిన వరినారును పదునైదవ దినముననే నాటవలసి వచ్చెను. అది నశించునని భావింపగా, మునుపెన్నడు చూడనన్ని పిలకలు వేసెను. ఆయన దానిని విడువక ఏటేట పరీక్షించి, లేతనారు, కుదురునకు ఒకే మొక్క, ఎడముగా నాటుట యను పద్ధతిని తీర్చిరి. 1995లో ఆయన మరణించిరి. 2003వ సంవత్సరపు ఖరీఫులో ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయమువారు ఈ పద్ధతిని అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశమున రైతుల పొలములలో వేయించి చూచిరి. మన రైతులు శ్రీ పద్ధతి యనుచున్నది దీనినే. ఇందు 8 మొదలు 12 దినముల నారును, వేరునకంటిన మట్టియు గింజయు విడిపోకుండ ఎత్తి, అడ్డముగను నిలువుగను 25 సెంటీమీటర్ల దూరమున నాటుదురు. మామూలు పద్ధతిలో ఎకరమునకు 20 కిలోలకు పైబడు విత్తనము ఇందు 2 కిలోలతో సరిపోవును. దిగుబడి ఎంత పెరుగునను విషయమున శాస్త్రజ్ఞులలో గట్టి వాదములు జరిగినవి. కలుపు తీయుట, నీరు కట్టుట శ్రమ యని విడిచిపెట్టిన రైతులును కలరు. ఆ వాదము తీర్చుటకు నేను చాలను. వరి గడ్డిజాతి, టమాటా పిలకలు వేయదు, అదియు నెఱుగుదును. కాని లేతవేరు నొప్పి పొందక చోటు మారినచో మొక్క వెనుకబడదను మాట రెంటికిని చెల్లును. ఆ ఫాదిరిగారి పాఠశాలలో బహుమానము పొడవునకే యిచ్చుచుండినయెడల ఆ పదునైదు దినముల నారు ఎవరి కంటను పడియుండదు.

టమాటా నారు 25 మొదలు 30 దినములలో నాటవలెను. మిరపకు ఆఱు వారములు చాలును. నాటుటకు వారము ముందుగా నీరు తగ్గించి, తొట్లను క్రమముగా ఎండలోనికి జరుపవలెను. మొదటినాడు గంట, పిమ్మట రెండు గంటలు, కడపట దినమంతయు. చూరు క్రిందినుండి తిన్నగా మధ్యాహ్నపు టెండలోనికి పోయిన మొక్క ఆకులు తెల్లబడి కాలిపోవును. నాటుట సాయంకాలమే చేయవలెను. మొక్కను ఆకు పట్టుకొని ఎత్తవలెను, కాడ పట్టరాదు. ఆకు చినిగిన మఱియొకటి వచ్చును, కాడ నలిగిన రాదు. టమాటా కాడనుండి క్రొత్తవేళ్లు వేయును గనుక దానిని కొంత లోతుగా నాటవచ్చును. కొంచెము సాగిన నారును బ్రదికించుటకు ఇదియే యుపాయము. ఐనను 22 సెంటీమీటర్ల దారమునకు ఇదియు పనిచేయలేదు.

ఈ లెక్కలను మన పాఠశాల పంచాంగముతో పోల్చి చూడుడు. జూలైలో సంఘము కూడి, ఆగస్టులో విత్తనములు తెచ్చి, మాసాంతమున పోటీ పెట్టి, సెప్టెంబరు నడుమ నాటుచున్నాము. వేరు నిలద్రొక్కుకొనక పూర్వమే సెలవులు వచ్చును. మన మిషను పాఠశాలలకు దసరా సెలవులు కొన్ని తగ్గించి క్రిస్మసు సెలవులు పెంచుట వాడుకయైనను, ఆ తగ్గిన సెలవులైనను లేతమొక్కను చంపుటకు చాలును. అట్లుగాక జూను రెండవ వారమున పాఠశాల తెఱచిన నాలుగు దినములలోనే విత్తినయెడల, జూలై నడుమకు టమాటా నాటవచ్చును. నాటిన రెండు నెలలు దాటునప్పటికి, అనగా దసరాకు ముందే, మొదటి కాయ పండును. సెలవులనాటికి మొక్క వేరూనియుండును గనుక రెండు మూడు దినముల కొకమారు నీరున్నను బ్రదుకును. కోతపండుగకు మన గంప మనదే యగును.

నారు కొని తెచ్చిన తీరిపోవును గదా యని కొందఱు మిత్రులు చెప్పుచున్నారు. ప్రోట్రేలలో కొబ్బరిపొట్టు నింపి, వలనీడలో పెంచి అమ్మువారి నారు సాధారణముగా మంచిదే. నాలుగెకరములు వేయు రైతు దానిని కొనుటలో తెలివి యున్నది. కాని మనము తోట వేయుచున్నది కాయల కొఱకు మాత్రమే కాదు. ఒకయేట మేమును కొనితిమి. వెల ఎక్కువయైనను పూత మీదనున్న నారునే ఏఱి తెచ్చితిమి. పిల్లలు చప్పట్లు కొట్టిరి. పది దినములలో పూత రాలెను. మొక్క ఎదుగక గిడసబారెను. తప్పు అమ్మినవానిది కాదు, ముదురు నారును కోరినవారిది.

కావున నా మనవి యిది. పొడవు బహుమానమును తీసివేయవలెను. ప్రతి విద్యార్థియు తాను మొలిపించిన పది మొక్కలను తానే మడిలో నాటవలెను. నాటిన 30వ దినమున ఎవరివి ఎన్ని బ్రదికియున్నవో లెక్కించి బహుమానమీయవలెను. ఇందును కొలతకు కొలత యున్నది, పక్షపాతమునకు తావు లేదు. వరండాలో పచ్చగా వరుసలు దీరిన కుండీలు లేక వచ్చిన అతిథులకు చూపుటకేమి యుండునని ఒక సహోపాధ్యాయులు ప్రశ్నించిరి. ఆ ప్రశ్న న్యాయమైనదే. అతిథులను నాలుగడుగులు తోటలోనికి నడిపింపవలసియుండును. త్రోవ బురదగా నుండవచ్చును.

సెలవులలో నీరు పోయుట వసతిగృహపు పిల్లలమీద మాత్రమే వేయుట ధర్మము కాదు, వారికిని ఇండ్లున్నవి. వచ్చు దసరాకు దినమునకిద్దఱు చొప్పున ఊరిలోని పిల్లల పేర్లు వ్రాసికొనుటకు కాగితమొకటి తూర్పు వరండా స్తంభమునకు అంటించితిని. ఆదివారము ఆరాధన పిమ్మట వచ్చువారి కొఱకు వేఱు గడి యున్నది. మొదటి గడిలో నా పేరున్నది. దాని ప్రక్క గడి ఖాళీగా నున్నది.