మీ పేరు మీద ఏముంది?

పాతికేళ్ల కాపురం ఒక కాగితంతో ముగిసింది. కోర్టు నుంచి తల్లిగారింటికి చేరిన నలభై అయిదేళ్ల గృహిణి సంచిలోని కాగితాలన్నీ ముందేసుకుని కూర్చుంటే... ఇల్లు ఆయన పేరు మీద. ప్లాటు అత్తగారి పేరు మీద. బీమా పాలసీ ఆయనది. గ్యాస్ కనెక్షన్ కూడా ఆయనదే. తన పేరుతో ఉన్నవి రెండే... ఆధార్, ఓటరు కార్డు!

ఈ పరిస్థితి ఏ ఒక్కరిదో అనుకోవద్దు. గోదావరిఖని బొగ్గుగని క్వార్టర్లలో, జగిత్యాల, కోరుట్ల బీడీలు చుట్టే ఇళ్లలో, నిర్మల్, ఆదిలాబాద్ ఉద్యోగుల కాలనీల్లో ఎక్కడ విడాకుల మాట వచ్చినా చివరికి తేలేది ఇదే. ఇరవైల్లో విడిపోతే జీవితం మళ్లీ మొదలుపెట్టడానికి వ్యవధి ఉంటుంది. నలభై అయిదులో ఆ వ్యవధి తక్కువ. బతుకుదెరువు వెతుక్కోవాలి, పిల్లల బాధ్యత చూడాలి, మరో పదిహేనేళ్లలో వచ్చిపడే వృద్ధాప్యానికీ దాచుకోవాలి. మూడూ ఒకేసారి మీద పడతాయి.

అయినా పదిహేనేళ్లు చిన్న కాలమేమీ కాదు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియాలంతే.

సగం వాటా వస్తుందా?

'పెళ్లయ్యాక సంపాదించిన దాంట్లో సగం నాదే కదా' అని చాలామంది అనుకుంటారు. మన దగ్గర అలాంటి చట్టం లేదు. భర్త పేరు మీదున్న ఇల్లు విడాకులతో సగానికి చీలదు. భార్య తన డబ్బు పెట్టినట్టు ఆధారం ఉంటే ఆ మేరకు అడగవచ్చు. అందుకే గృహరుణం వాయిదాలు కట్టిన బ్యాంకు పుస్తకం, నగలు తాకట్టు పెట్టిన రసీదు, తల్లిగారు ఇచ్చిన డబ్బు జమైన కాగితం... దేన్నీ పారేయకూడదు.

స్త్రీధనం సంగతి వేరు. పెళ్లికి ముందు, పెళ్లిలో, ఆ తర్వాత ఆమెకు కానుకగా వచ్చిన బంగారం, డబ్బు, సామాను పూర్తిగా ఆమెవే. అత్తగారి లాకరులో ఉన్నా ఆమెవే.

ఇక భరణం. హిందూ వివాహ చట్టంలోని 25వ సెక్షన్ కింద శాశ్వత భరణం కోరవచ్చు. మతంతో సంబంధం లేకుండా నెలనెలా మనోవర్తి కోరే వీలు నేర శిక్షాస్మృతి 125వ సెక్షన్ కల్పించేది. 2024 జులై 1 నుంచి దాని స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 144వ సెక్షన్ వచ్చింది. విడాకులు పొంది, మళ్లీ పెళ్లి చేసుకోకుండా, తనను తాను పోషించుకోలేని స్థితిలో ఉన్న మహిళకూ ఇది వర్తిస్తుంది.

భర్త ఆదాయం ఎంతో తెలియక నష్టపోయేవారే ఎక్కువ. 2020 నవంబరులో రజనీశ్, నేహ కేసులో సుప్రీంకోర్టు దీనికో దారి చూపింది. మనోవర్తి కేసుల్లో ఇద్దరూ ఆదాయం, ఆస్తులు, అప్పుల వివరాలతో అఫిడవిట్ ఇవ్వాలని, దరఖాస్తు పెట్టిన తేదీ నుంచే మనోవర్తి లెక్కగట్టాలని చెప్పింది. వకీలు ఫీజుకు వెనకాడాల్సిన పనీ లేదు. జిల్లా న్యాయసేవాధికార సంస్థ ద్వారా మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం అందుతుంది.

మన రాష్ట్రం నుంచి వెళ్లిన కేసు

2024 జులై 10న సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పు మన తెలంగాణ నుంచి వెళ్లిన కేసులోదే. మహమ్మద్ అబ్దుల్ సమద్ వర్సెస్ తెలంగాణ రాష్ట్రం. విడాకులు పొందిన ముస్లిం మహిళ కూడా 125వ సెక్షన్ కింద మనోవర్తి కోరవచ్చని ధర్మాసనం తేల్చింది. ఇందులో భాగంగానే జస్టిస్ బి.వి.నాగరత్న ప్రతి ఇంట్లోనూ చదవాల్సిన మాటలు రాశారు. సొంత ఆదాయం లేని భార్యకు భర్త ఆర్థికంగా అండ కల్పించాలని, ఉమ్మడి బ్యాంకు ఖాతా, ఏటీఎం కార్డు ఆమెకు అందుబాటులో ఉంచాలని వాటి సారాంశం. దేశ అత్యున్నత న్యాయస్థానం ఏటీఎం కార్డు గురించి మాట్లాడాల్సి వచ్చిందంటే మన ఇళ్లలో ఇంటావిడ చేతికి డబ్బు ఎంత దూరంగా ఉందో అర్థమవుతుంది.

తల్లిగారింటి వాటా

'అన్నదమ్ములతో ఎందుకు గొడవ... సంతకం పెట్టేయ్' అంటారు పెద్దలు. ఆమె పెట్టేస్తుంది. ఆ ఒక్క సంతకంతో చేజారిన ఎకరం విలువ విడాకుల తర్వాత గానీ తెలిసిరాదు.

ఆడపిల్లలకు పూర్వీకుల ఉమ్మడి ఆస్తిలో సమాన హక్కు కల్పించడంలో తెలుగు నేల దేశానికంటే ముందుంది. ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చింది. అయితే అప్పటికే పెళ్లయినవారికి వర్తించలేదు. 2005లో కేంద్రం చేసిన సవరణ ఆ షరతు తీసేసింది. 2005 నాటికి తండ్రి బతికి ఉండకపోయినా కూతురికి హక్కు ఉంటుందని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. 2004 డిసెంబరు 20కి ముందే చట్టబద్ధంగా పూర్తయిన పంపకాలను మాత్రం తిరగదోడలేరు. కాబట్టి హక్కు వదులుకునే పత్రం మీద సంతకం చేసేముందు వకీలుకు చూపించాలి. పసుపు కుంకుమ కింద భూమి ఇచ్చామని నోటిమాటగా చెప్పి ఉంటే దాన్ని రిజిస్టరు చేయించుకోవాలి.

మొదటి నెలలో మూడు పనులు

ఒకటి, సొంత ఖాతా. ఉమ్మడి ఖాతాతో సంబంధం లేకుండా తన ఒక్క పేరుతో పోస్టాఫీసులోనో, బ్యాంకులోనో ఖాతా తెరవాలి. పాత ఖాతాలో రుణాలు, గ్యారంటీ సంతకాలు ఏమున్నాయో బ్యాంకులో అడిగి తెలుసుకోవాలి. హామీ సంతకం చేసిన అప్పు విడాకులతో రద్దు కాదు.

రెండు, నామినీ. పాలసీలో, పీఎఫ్‌లో, బ్యాంకులో మాజీ భర్త పేరు ఉంటే అది తనంతట తాను మారుతుందని అనుకోవద్దు. ఫారం నింపి పిల్లల పేరో, తల్లి పేరో రాయించాలి. ఇంకో సంగతి... విడాకులయ్యాక ఆయన ఉద్యోగం తాలూకు కుటుంబ పింఛను మీద ఆశ పెట్టుకోకూడదు. అది చనిపోయేనాటికి భార్యగా ఉన్నవారికి వెళ్తుంది.

మూడు, పీఎఫ్. బీడీలు చుట్టే మహిళల్లో చాలామందికి పీఎఫ్ ఉంటుంది. ఆ పుస్తకం ఎక్కడుందో, అందులో ఎంతుందో చూసుకునేవారు తక్కువ. కార్మికురాలి వాటాతో పాటు యజమాని వాటా కూడా అందులో జమవుతుంది. కనీసం పదేళ్ల సర్వీసు ఉంటే 58 ఏళ్లకు పింఛనుకు అర్హత వస్తుంది. 2014 సెప్టెంబరు నుంచి దీని కనీస మొత్తం నెలకు వెయ్యి రూపాయలు. అవసరానికని మధ్యలో మొత్తం తీసేసుకుంటే ఈ ఆధారం తెగిపోతుంది.

తెలంగాణ ప్రభుత్వం 2017 జూన్‌లో ఒంటరి మహిళలకు నెలకు వెయ్యి రూపాయల పింఛను మొదలుపెట్టింది. 2019లో దాన్ని 2,016కు పెంచింది. ఆదాయ పరిమితికి లోబడి, భర్త నుంచి విడిపోయి ఏడాది దాటినవారికి ఇది ఉద్దేశించింది. వివరాలు ఎంపీడీవో, మున్సిపల్ కార్యాలయాల్లో తెలుస్తాయి.

పది లక్షలు వస్తే...

ఉదాహరణకు ఒక లెక్క చూద్దాం. నలభై అయిదేళ్ల మహిళ. కుట్టుపని మీద నెలకు 10 వేలు వస్తాయి. ఖర్చు 8 వేలు. శాశ్వత భరణం కింద 10 లక్షలు చేతికొచ్చాయి. డబ్బు వచ్చిందని తెలియగానే ముగ్గురు గుమ్మంలో నిలబడతారు. 'ప్లాటు కొను' అని ఒకరు. 'నాకివ్వు, నూటికి రెండు రూపాయల వడ్డీ కడతా' అని ఇంకొకరు. 'బిడ్డ పెళ్లి ఘనంగా చెయ్యి' అని మరొకరు.

రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. అంత ఇస్తానన్నవారికి బ్యాంకు ఎందుకు అప్పు ఇవ్వలేదో ఆలోచించాలి. ప్రామిసరీ నోటుకు కాలపరిమితి మూడేళ్లే. చిట్టీ వేసినా రిజిస్టరైన సంస్థలోనే వేయాలి, అదీ కొద్ది మొత్తమే.

ముందుగా ఆరు నెలల ఖర్చు, అంటే సుమారు 50 వేలు, పొదుపు ఖాతాలో ఉంచాలి. అప్పులుంటే తీర్చేయాలి. మిగిలిన దాంట్లో కొంత పోస్టాఫీసు నెలసరి ఆదాయ పథకంలో వేసుకోవచ్చు. ఒక్కరి పేరు మీద 9 లక్షల వరకు వీలుంది. బ్యాంకు డిపాజిట్లయితే ఒకే చోట కాకుండా రెండు బ్యాంకుల్లో పెట్టడం మేలు. ఒక్కో బ్యాంకులో ఒక్కొక్కరికి 5 లక్షల వరకే బీమా ఉంటుంది.

ఇక నెలనెలా మిగిలే 2 వేలు. దీనికి పీపీఎఫ్ బాగా సరిపోతుంది. గడువు పదిహేనేళ్లు. కోర్టు డిక్రీతో అప్పులవాళ్లు దాన్ని జప్తు చేయలేరు. 2020 ఏప్రిల్‌లో నిర్ణయించిన 7.1 శాతం వడ్డీ ప్రకారం లెక్కిస్తే, నెలకు 2 వేల చొప్పున పదిహేనేళ్లలో కట్టేది 3.6 లక్షలు... చేతికొచ్చేది సుమారు 6.3 లక్షలు. అదే అయిదేళ్లు ఆలస్యంగా మొదలుపెట్టి, అంతే వడ్డీతో పదేళ్లు దాచుకుంటే మూడున్నర లక్షలు కూడా రావు. 'బిడ్డ పెళ్లయ్యాక చూద్దాంలే' అనుకోవడం ఖరీదు దాదాపు మూడు లక్షలన్నమాట!

ఇదొక్కటే సరిపోదు. ధరలు ఏడాదికి 6 శాతం చొప్పున పెరిగితే నేటి 8 వేల ఖర్చు పదిహేనేళ్లకు 19 వేలు దాటుతుంది. అందుకే ఆదాయం పెరిగినప్పుడల్లా పొదుపూ పెంచాలి. అటల్ పింఛను పథకంలో చేరడానికి వయోపరిమితి 40 ఏళ్లు. అది దాటినవారు జాతీయ పింఛను పథకం, ఎన్‌పీఎస్ గురించి తెలుసుకోవచ్చు. అందులో మార్కెట్ ఒడుదొడుకులు ఉంటాయి. అరవై నిండాక సీనియర్ సిటిజన్ల పొదుపు పథకం ఉండనే ఉంది.

ముల్కనూరు చెప్పే పాఠం

ఒంటరిగా దాచుకోవడం కష్టమనుకునేవారు ముల్కనూరు వైపు చూడాలి. ఉమ్మడి కరీంనగర్ జిల్లాలోని ఈ ఊరు ఇప్పుడు హనుమకొండ జిల్లాలో ఉంది. 1956లో ఇక్కడ సహకార గ్రామీణ పరపతి సంఘం పుట్టింది. 1990 నుంచి కరీంనగర్, వరంగల్ పల్లెల్లో మహిళా పొదుపు సంఘాలు వెలిశాయి. 2000లో స్వకృషి మహిళా డెయిరీ మొదలైంది. సభ్యులంతా మహిళలే. సభ్యత్వం ఆమెది కాబట్టి పాల లెక్క కూడా ఆమె పేరు మీదే. కాపురం సాఫీగా సాగినా, సాగకపోయినా ఆ పేరు ఎక్కడికీ పోదు.

ఈ పని విడాకుల దాకా ఆగాల్సింది కాదు. ఈ ఆదివారం భోజనాలయ్యాక ఆలుమగలిద్దరూ బీరువాలోని కాగితాలు ఓసారి బయటికి తీయండి. ఏది ఎవరి పేరు మీదుందో తెల్లకాగితం మీద రాయండి. ఇంటావిడ వరస ఖాళీగా ఉంటే, రేపు సోమవారమే... పోస్టాఫీసు తెరిచే ఉంటుంది.