నాన్న ఆఫీసు గోడకి జోకు పోస్టరు పెట్టేముందు



జూన్ మూడో ఆదివారం ఫాదర్స్ డే. "బాస్ ఎప్పుడూ కరెక్టే, డౌటుంటే మొదటి రూలు మళ్లీ చదవండి" లాంటి పోస్టర్లు ప్రింట్ చేయించి ఉద్యోగం చేసే నాన్నలకి ఇద్దామని గ్రూపులో అప్పుడే ఫోటోలు తిరుగుతున్నయి. ఆలోచన మంచిదే. మన ఇళ్లల్లో చాలామందికి నాన్నే మొదటి ఉద్యోగి. ఆయన మనకి కొనడమే గానీ మనం ఆయనకి కొనిచ్చింది తక్కువ. కానీ పోయినేడు మేం చేసిన పని ఒకటి చెప్పాలి.

మా హాస్టల్ మిత్రుడి నాన్న ఒక ఆఫీసులో అటెండర్. ఐదుగురం పైసలేసుకుని పెద్ద పోస్టరు లామినేషన్ చేయించి ఇచ్చాం. దాని మీద: "పని తొందరగా కావాలా? అయితే నిన్ననే రావాల్సింది!" ఆయన చదివి బాగా నవ్విండు. సోమవారం తీసుకుపోయి, సాయంత్రం చుట్టచుట్టి మళ్లీ ఇంటికే తెచ్చిండు.

"పింఛను ఆగిందని ముసలమ్మ గుట్ట దిగి రెండు ఆటోలు మారి వస్తది. దీంట్ల ఏం రాసింది అని నన్నే అడుగుతది. ఏమని చదివి చెప్పాలె బిడ్డా?"

మాకు నోట మాట రాలేదు. మనమూ ఆ వరండాల్లో కుల సర్టిఫికెట్ కోసం, స్కాలర్‌షిప్ కోసం నిలబడినోళ్లమే కదా. ఆ గోడకి ఒక పక్క లంచం అడిగితే 1064కి ఫోన్ చేయమని ఏసీబీ బోర్డు ఉంటది, ఇంకో పక్క సమాచార హక్కు అధికారి పేరు ఉంటది. ఆ రెండింటి మధ్య మన పోస్టరు పెడితే, వచ్చినోళ్లు దాన్ని కూడా నోటీసనే అనుకుంటరు.

ఇంకో సంగతి, ఆ గోడ ఆయనది కాదు. ఆయనకి ఉన్నది తలుపు పక్కన ఒక స్టూలు. బాస్ మీద జోకు ఆఫీసరు గదిలో ఉంటే సరదా. అదే ఔట్‌సోర్సింగ్‌లో, ఏటేటా రెన్యూవల్ కోసం ఎదురుచూసే మనిషి పెడితే? ఆ నవ్వుకి జీతం పోవచ్చు.

అందుకని మానేద్దామా అంటే, వద్దు. మా అభిప్రాయం, జోకు నాన్న మీదే ఉండాలి, అదీ ఆయన సొంతంగా వేసుకునేదై ఉండాలి. ఆ అటెండర్ నాన్నే తర్వాత మాకొకటి చెప్పిండు: "రోజూ ఐదు కిలోమీటర్లు నడుస్తా, ఇంకా ఆఫీసు దాటలే." ఆశ్రమ పాఠశాల సారుకైతే "ఇరవై ఏళ్లుగా ఐదో తరగతిలోనే ఉన్నా, ఇంకా పాస్ కాలే." జీసీసీ డిపోలో పనిచేసే నాన్నకి "తేనె తూకం నాది, షుగర్ మాత్ర కూడా నాదే." (షుగర్ లేకపోతే ఇది వద్దు, అమ్మ తిడుతది.)

వీలైతే ఇంట్లో మాట్లాడే భాషలోనే రాయించండి. కోయ, లంబాడీ మాటలు తెలుగు అక్షరాల్లో రాసినా నవ్వు తగ్గదు. గోండి వాళ్లకి గుంజాల లిపి 2018లోనే యూనికోడ్‌లోకి వచ్చింది. ఫాంట్ ఫోన్లో వేసుకుని ప్రింట్ షాపుకి పీడీఎఫ్ ఇస్తే సరిపోతది. ఫైలు ఇస్తే అక్షరాలు డబ్బాలుగా పడతయి, జాగ్రత్త.

సైజు చిన్నదే చేయించండి, బీరువా తలుపు లోపలో, టిఫిన్ బాక్స్ మూతకో అంటించేంత. మా మిత్రుడి నాన్న ఐదు కిలోమీటర్ల జోకు స్టూలు కింద అంటించుకున్నడంట. ఎత్తి చూపిస్తే తప్ప ఎవరికీ కనబడదు.

మీ నాన్న రోజూ వేసే జోకు ఏందో కింద రాయండి. శనివారం లోపు అయితే ప్రింట్ మేమే చేయిస్తం.