స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్: గీత ఎక్కడ గీయాలి?

పుదుచ్చేరి తీరాన ఉన్న కురుచికుప్పంలో ఒక ఇంజనీరింగ్ విద్యార్థిని పాత ల్యాప్‌టాప్‌లో డెబియన్ 11 ఎక్కిస్తోందనుకోండి. పని సగంలో ఉండగా, వైఫై చిప్‌కు కావలసిన ఫర్మ్‌వేర్ ఫైలు దొరకలేదని తెర మీద సందేశం వస్తుంది. ఆ ఫైలు తెచ్చుకోవాలంటే ఇంటర్నెట్ కావాలి. ఇంటర్నెట్ రావాలంటే ఆ ఫైలు కావాలి! 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12తో ఈ చిక్కు చాలావరకు తీరింది. అయితే అది తీరిన పద్ధతి మీదే అసలు వాదన. ఎందుకంటే ఆ ఫైలు స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కాదు.

ఇంగ్లీషులో ‘ఫ్రీ’ అన్న మాట ఉచితానికీ, స్వేచ్ఛకూ కూడా వాడతారు. తెలుగులో ఆ తికమక లేదు. పుదుచ్చేరిలో వినిపించే తమిళంలోనైతే దీన్ని ‘కట్టట్ర మెన్‌పొరుళ్’ అంటారు, అంటే కట్లు లేని సాఫ్ట్‌వేర్. 1983లో గ్నూ ప్రాజెక్టును ప్రకటించిన రిచర్డ్ స్టాల్‌మన్ ఆలోచనలోంచి నాలుగు స్వేచ్ఛలు రూపుదిద్దుకున్నాయి: ప్రోగ్రామును ఏ పనికైనా వాడుకోవడం, అది ఎలా పనిచేస్తుందో చదివి మార్చుకోవడం, ఇతరులకు నకళ్లు ఇవ్వడం, మార్చినదాన్ని పంచడం. వీటికి సోర్స్ కోడ్ చేతిలో ఉండాలి.

ఈ కొలతతో చూస్తే, ఓపెన్ సోర్స్ అని పేరున్న ఆపరేటింగ్ సిస్టమ్‌లలో చాలా వాటికి పూర్తి మార్కులు రావు. లినక్స్ కెర్నల్ లైసెన్సు జీపీఎల్. అయినా వైఫై, గ్రాఫిక్స్ వంటి చాలా పరికరాలు పనిచేయాలంటే, వాటి తయారీదారులు సోర్స్ లేకుండా ఇచ్చే ఫర్మ్‌వేర్‌ను కెర్నల్ వాటిలోకి పంపాలి. ఉబుంటు యాజమాన్య హక్కులున్న డ్రైవర్లను కూడా అందిస్తుంది. అందుకే ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ తన ఆమోద జాబితాలో ఉబుంటు, ఫెడోరా, డెబియన్‌లను చేర్చలేదు. ట్రిస్క్వెల్, గ్విక్స్ వంటి కొద్ది వ్యవస్థలకే అందులో చోటు. ట్రిస్క్వెల్ పునాది ఉబుంటుయే. కానీ సోర్స్ లేని ముక్కలన్నీ తీసేసిన ‘లినక్స్-లిబ్రే’ కెర్నల్‌ను అది వాడుతుంది.

డెబియన్ మధ్యస్థంగా నిలబడింది. తమ వ్యవస్థ నూటికి నూరు శాతం స్వేచ్ఛగా ఉంటుందని 1997 నాటి సామాజిక ఒప్పందంలోనే అది మాటిచ్చింది. 2022లో దాని సభ్యులు ఓటు వేసి, అధికారిక ఇన్‌స్టాలర్‌లో ఫర్మ్‌వేర్ ఉండవచ్చని ఆ ఒప్పందాన్ని సవరించారు. ఫర్మ్‌వేర్‌ను మాత్రం వేరే విభాగంలోనే ఉంచారు. వద్దనుకునేవారు దాన్ని ఆపేసే వీలూ ఉంచారు.

ఇది సూత్రానికి ద్రోహమా? కఠినమైన కొలతలోనే ఒక వింత ఉంది. సోర్స్ లేని అదే కోడ్‌ను తయారీదారు చిప్‌లో మార్చడానికి వీల్లేకుండా ముద్రిస్తే, దాన్ని హార్డ్‌వేర్‌లో భాగంగా లెక్కిస్తారు. డిస్కు నుంచి లోడ్ చేస్తే తప్పంటారు. వాడేవారికి రెండు చోట్లా దక్కే స్వేచ్ఛ మాత్రం సున్నాయే. ప్రాసెసర్ మైక్రోకోడ్ సంగతి చూడండి. 2018 జనవరిలో స్పెక్టర్ లోపం బయటపడ్డాక, దాని నివారణలో కొంత భాగం మైక్రోకోడ్ సవరణల ద్వారా వచ్చింది. ఆ సవరణను నిరాకరించినంత మాత్రాన ప్రాసెసర్ స్వేచ్ఛ పొందదు. లోపమున్న పాత కోడ్, అదీ సోర్స్ లేనిదే, లోపల నడుస్తూనే ఉంటుంది.

అలాగని కఠినవాదుల పని వృథా కాదు. ఎక్కడెక్కడ స్వేచ్ఛ లేదో పటం గీసి చూపేది వాళ్లే. 2013లో అథెరోస్ యూఎస్‌బీ వైఫై చిప్‌లలో కొన్నింటి ఫర్మ్‌వేర్ సోర్స్ బయటికొచ్చింది. అవి నేటికీ పూర్తి స్వేచ్ఛా వ్యవస్థల్లో హాయిగా పనిచేస్తాయి. అంటే ఇది సాంకేతికంగా అసాధ్యమేమీ కాదు, తయారీదారు తలచుకోవాలంతే.

కాబట్టి ఒక వ్యవస్థను కొలవాల్సింది అందులో సోర్స్ లేని ఫైలు ఉందా లేదా అన్న ఒక్క ప్రశ్నతో కాదు. అది ఉన్న సంగతి స్పష్టంగా చెబుతున్నారా? దాన్ని వేరుగా ఉంచారా? వద్దంటే తీసేయవచ్చా? ఈ మూడింటికీ ఔనని చెప్పగల వ్యవస్థ, రాజీ పడినా దాన్ని దాచలేదు. చెప్పకుండా కలిపేసేది మాత్రం ‘ఓపెన్’ అన్న పేరుకు తగదు.

మన దగ్గర ఈ చర్చకు నేల సిద్ధంగానే ఉంది. హైదరాబాదులోని ‘స్వేచ్ఛ’ సంస్థ తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్‌కూ, చెన్నై సీ-డాక్ ‘బాస్’కూ ఆధారం డెబియనే. తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన ఫాంట్లు డెబియన్‌లో స్వేచ్ఛగా దొరుకుతాయి. పుదుచ్చేరిలోనూ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమం ఉంది. యానాం ఆ కేంద్రపాలిత ప్రాంతంలోనిదే కనుక అక్కడి బడులకు కొనే కంప్యూటర్ల మీద తీసుకునే నిర్ణయం తెలుగు పిల్లలకూ వర్తిస్తుంది.

ప్రభుత్వ ఆఫీసులు ఓపెన్ సోర్స్‌కు ప్రాధాన్యమివ్వాలన్న కేంద్ర విధానం 2015లోనే వచ్చింది. ఇక కొనుగోలు టెండర్లలో మరో షరతు చేరాలి: పరికరం ఫర్మ్‌వేర్‌కు సోర్స్ ఇచ్చే తయారీదారుకే మొదటి అవకాశం. కురుచికుప్పం అమ్మాయికి వైఫై ఈ రోజే రావాలి. ఆ వైఫై లోపల ఏం నడుస్తోందో రేపు చదివే హక్కు కూడా ఆమెకు దక్కాలి. మొదటిది డెబియన్ ఇవ్వగలిగింది. రెండోది అడగవలసింది డెబియన్‌ను కాదు, చిప్ అమ్మేవాణ్ని.