అద్దం పట్టడమా? అప్పగించడమా?

ఫోను తెరమీది బొమ్మను తీగ లేకుండా టీవీలో చూపించే సదుపాయానికి ఇప్పటికీ ఒక స్థిరమైన పేరు ఏర్పడలేదు. ఒక కంపెనీ ఫోనులో అది స్మార్ట్ వ్యూ. మరొకదానిలో కాస్ట్, ఇంకొకదానిలో వైర్‌లెస్ డిస్‌ప్లే. యాపిల్ వారి వద్ద స్క్రీన్ మిర్రరింగ్. టీవీ వైపుకు వెళ్తే అక్కడ స్క్రీన్ షేర్, ఎనీవ్యూ వగైరా మరికొన్ని పేర్లు. ఇంట్లో పెద్దవారికి ఫోనులో ఒక సంగతి చెప్పాలంటే మొదట ఆ ఫోను ఎవరు చేసినదో అడగవలసి వస్తున్నది.

పేర్ల గందరగోళం ఒక్కటే అయితే ఇంత వ్రాయనవసరం లేదు. ఆ పేర్ల చాటున రెండు వేర్వేరు పనులు ఒకే పనిగా చెలామణీ అవుతున్నాయి. ఆ రెంటిలో మనకు నిజంగా అవసరమైనది నెమ్మదిగా మూలకు జరుగుతున్నది. నా బాధ అది.

ముందుగా ఆ రెండు పనులనూ విడదీసి చూద్దాం. మొదటిదాన్ని అద్దం పట్టడం అందాం. తెలుగులో ఈ మాట ఎప్పటినుంచో ఉన్నది, పనికి అతికినట్టు సరిపోతున్నది. ఫోను తన తెరమీద ఉన్నదాన్ని ఉన్నట్టుగా, క్షణక్షణమూ చిత్రించి టీవీకి పంపుతుంది. ఒక పూర్తి హెచ్‌డీ తెరలో 20,73,600 చుక్కలుంటాయి. ఒక్కొక్క చుక్క రంగుకు 24 బిట్లు, సెకనుకు 60 బొమ్మలు అని లెక్క వేస్తే, సెకనుకు దాదాపు 300 కోట్ల బిట్లు. ఇంత బరువును మామూలు వైఫై మోయలేదు. అందుకని ఫోను ప్రతి బొమ్మనూ అప్పటికప్పుడు కుదించి, అందులో వందోవంతు కన్న తక్కువకు దించి పంపుతుంది. టీవీ దాన్ని విప్పి చూపిస్తుంది. ఈ కుదింపుకూ విప్పుడుకూ పట్టే వ్యవధి వల్లనే, మీరు ఫోనులో వేలు కదిపిన కాస్త తరువాత టీవీలో బొమ్మ కదులుతుంది.

రెండవదాన్ని అప్పగించడం అందాం. పెండ్లిలో అప్పగింతల వంటిదే ఇది. ఫోను బొమ్మను పంపదు. ఫలానా చోట ఫలానా సినిమా ఉన్నదని చిరునామా మాత్రం టీవీ చేతిలో పెట్టి తప్పుకుంటుంది. ఆపైన టీవీయే నేరుగా ఇంటర్నెట్టు నుండి ఆ సినిమాను తెచ్చుకుంటుంది. ఫోను రిమోటుగా మాత్రం మిగులుతుంది. యూట్యూబు వంటి చోట్ల మూలన కనిపించే చిన్న గుర్తును నొక్కితే జరిగేది ఇదే.

అప్పగింతలో సుఖమున్నది, కాదనను. ఫోను బ్యాటరీ అరగదు. బొమ్మ స్పష్టంగా వస్తుంది. మధ్యలో ఫోను మాట్లాడుకోవచ్చు. సినిమాకు ఇదే మేలైన దారి. కాని ఈ సుఖం ఎవరి వస్తువుకు? ఎవరైతే తమ సాఫ్టువేరులో ఆ గుర్తును పెట్టగలరో, ఎవరి సరుకు ఇంటర్నెట్టులో ఒక సర్వరు మీద టీవీకి అందేలా ఉన్నదో, వారి వస్తువుకు మాత్రమే. అంటే చాలావరకు అంగడి ఉన్నవారికి.

అంగడి లేని వస్తువుల సంగతి చూడండి. భారత డిజిటల్ లైబ్రరీ పథకంలో స్కాను చేసిన పాత తెలుగు పుస్తకాలు ఆర్కైవు.ఆర్గ్‌లో వేలకొద్దీ ఉన్నాయి. అచ్చు మసకబారి, పుట వంకరగా పడి, ఫోను తెరమీద అక్షరం చీమంత కనిపించే పుస్తకాలవి. వాటిని కోరి చదివేవారిలో కంటిచూపు తగ్గినవారు తక్కువేమీ కాదు. అదే పుటను 43 అంగుళాల తెరమీద పెడితే, కుర్చీలో వెనక్కి వాలి చదువుకోవచ్చు. దించుకున్న అటువంటి పీడీఎఫ్‌ను చూపించే సాఫ్టువేరులలో అప్పగింత గుర్తు సాధారణంగా ఉండదు, ఎవరికీ దానివల్ల లాభం లేదు గనుక. అక్కడ అద్దమే గతి. కుటుంబ వైద్యుడు పంపిన పరీక్షా ఫలితాలు, పొలం పాసుపుస్తకం నకలు, విదేశంలో ఉన్న మనుమరాలితో వీడియో మాటలు, అన్నింటికీ ఇదే వరస.

ఇంకొక పెద్ద తేడా ఉన్నది. అప్పగింత జరగాలంటే టీవీకి ఇంటర్నెట్టు ఉండాలి. అద్దానికి ఆ అవసరం లేదు. మిరాకాస్ట్ పద్ధతిలో ఫోనూ టీవీ వైఫై డైరెక్టు ద్వారా ఒకదానితో ఒకటి సూటిగా కలుసుకుంటాయి. మధ్య రూటరు కూడా అక్కరలేదు. 2023లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠశాలలకు నాడు-నేడు కార్యక్రమం కింద స్మార్ట్ టీవీలు, పెద్ద ఇంటరాక్టివ్ తెరలు వచ్చాయి. ఇంటర్నెట్టు అందని లేదా నిలకడ లేని పల్లెబడిలో ఒక ఉపాధ్యాయిని తన ఫోనులో తానే తీసిన విత్తనం మొలకెత్తే వీడియోను పిల్లలకు పెద్దగా చూపించాలనుకుంటే, ఆమెకు కావలసింది అద్దం. ఆ వీడియో ఏ అంగడిలోనూ లేదు, ఆమె ఫోనులో మాత్రమే ఉన్నది.

ఇక చరిత్ర. యాపిల్ 2010లో ఎయిర్‌ప్లేను తెచ్చింది. 2011లో ఐఓఎస్ 5తో ఫోను తెరను మొత్తంగా చూపే మిర్రరింగును దానికి జతచేసింది. అది వారి పరికరాల లోకానికి పరిమితమైన ఏర్పాటు. 2012లో వైఫై అలయెన్స్ అనే కంపెనీల కూటమి మిరాకాస్ట్ అనే ఉమ్మడి ప్రమాణాన్ని ప్రకటించింది. ఏ కంపెనీ ఫోనైనా ఏ కంపెనీ టీవీతోనైనా మాట్లాడగలగాలన్నది దాని ఆశయం. అదే సంవత్సరం ఆండ్రాయిడు 4.2లోను, మరుసటి సంవత్సరం విండోస్ 8.1లోను దానికి చోటు దొరికింది. ఉమ్మడి భాష ఒకటి కుదిరినట్టే అనిపించింది.

అంతలో 2013 జూలైలో గూగుల్ 35 డాలర్లకు క్రోమ్‌కాస్ట్ అనే చిన్న పరికరాన్ని విడుదల చేసింది. మన దేశానికి అది 2014 డిసెంబరులో 2,999 రూపాయలకు వచ్చింది. అప్పగింతకు అంత ప్రాచుర్యం తెచ్చినది అదే. దానికి మిరాకాస్ట్ భాష రాదు. 2015లో ఆండ్రాయిడు 6 వచ్చేసరికి గూగుల్ తన నెక్సస్ ఫోన్ల నుండి మిరాకాస్ట్‌ను తీసివేసింది. తరువాత వచ్చిన పిక్సెల్ ఫోన్లలోనూ అది లేదు. యాపిల్ మొదటినుండీ దాన్ని దగ్గరకు రానివ్వలేదు. శామ్‌సంగ్ వంటి సంస్థలూ, విండోస్‌లో మైక్రోసాఫ్టూ నిలుపుకొన్నందువల్ల అది ఈనాటికీ బ్రతికి ఉన్నది.

ఈ కథ తెలుగు మిత్రులకు ఎక్కడో విన్నట్టు అనిపించాలి. ఒక్కొక్క పత్రికకూ ఒక్కొక్క ఖతి ఉన్న రోజులు మనకు గుర్తే. ఒక పత్రికను చదవడానికి దించుకున్న ఖతి ఇంకొక పత్రికకు పనికివచ్చేది కాదు. వ్రాసినది వెతుకుదామంటే దొరికేది కాదు. ఇక్కడి వాక్యాన్ని అక్కడ అతికిస్తే పిచ్చిగీతలు మిగిలేవి. ఒక ఖతిలోని వ్రాతను యూనికోడులోకి మార్చుకోవడానికి పద్మ వంటి ఉపకరణాలు పుట్టవలసి వచ్చింది. యూనికోడు మొదటి కూర్పులోనే, 1991లో, తెలుగుకు స్థానం ఉన్నది. అయినా విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఖతి వచ్చి, అందరూ ఒక్క సంకేతానికి తలవంచిన తరువాతనే మనం ఒకరినొకరం చదువుకోగలిగాం. అక్షరాలకు అంతకుముందూ కొరత లేదు. లేనిదల్లా ఉమ్మడి ఒప్పందం.

ఈ పోలిక అన్ని వైపులా సరిపోదని నాకు తెలుసు. యూనికోడు వాడుకోవడానికి ఎవరూ రుసుము కట్టనక్కరలేదు. మిరాకాస్ట్ ముద్ర కావాలంటే తయారీదారు కూటమిలో చేరాలి, పరీక్షలకు డబ్బు కట్టాలి. అయినా ఒక్క విషయంలో రెండూ ఒకటే: ముద్ర పడిన పరికరం మన ఇంటికి చేరాక, మన బొమ్మను మన టీవీలో చూపించుకోవడానికి ఎవరి సర్వరునూ అనుమతి అడగనక్కరలేదు.

అనుమతి అడగవలసి వస్తే ఏమవుతుందో 2025 మార్చిలో చూశాం. 2015 నాటి రెండవ తరం క్రోమ్‌కాస్ట్‌లు ఒక్కసారిగా పనిచేయడం మానేశాయి. విరిగిపోలేదు, కాలిపోలేదు. లోపల ఉన్న ఒక ధ్రువపత్రానికి పదేళ్ళ గడువు తీరింది. దాంతో ఫోన్లు ఆ పరికరాలను నమ్మదగనివిగా లెక్కకట్టాయి. గూగుల్ కొద్ది రోజుల్లో సవరణ పంపి బాగుచేసింది, అది వేరే సంగతి. సినిమాల దుకాణాలూ తమ తలుపులను తమ ఇష్టప్రకారమే తెరుస్తాయి, మూస్తాయి. నెట్‌ఫ్లిక్స్ 2019లో ఎయిర్‌ప్లేకు స్వస్తి చెప్పింది. 2025 చివరలో, ఫోను నుండి చాలా టీవీలకు అప్పగించే వీలును కూడా తీసివేసింది. వారి సరుకు వారిష్టం అనవచ్చు. నిజమే. వారి ఇష్టం మీద నడిచే పద్ధతిని మన ఇంటికంతటికీ ఏకైక పద్ధతిగా చేసుకోకూడదనే నేనూ అంటున్నాను.

అద్దం మీద చెప్పే ఆక్షేపణలకు కూడా సమాధానం చెప్పుకోవాలి. మొదటిది, అద్దానికి దాపరికం తెలియదు. పదిమంది కూర్చున్న హాలులో పెండ్లి ఫోటోలు చూపిస్తూ ఉండగా, బ్యాంకు పంపిన సందేశమో, మేనత్త గురించి మేనమామ వ్రాసిన ముక్కో పైనుండి జారి టీవీమీదకు వస్తుంది. ఫోను ఒక మనిషిది, టీవీ ఇంటిది. ఒకదాన్ని ఇంకొకదానిలో పెట్టినప్పుడు ఈ ఇబ్బంది తప్పదు. దీనికి మందు అద్దాన్ని పగలగొట్టడం కాదు, అద్దం పట్టేముందు సందేశాలను కాసేపు ఆపుకోవడం. డు నాట్ డిస్టర్బ్ అనే మీట ఇంచుమించు ప్రతి ఫోనులోనూ ఉన్నది. 2024లో వచ్చిన ఆండ్రాయిడు 15, తెరను పంచుకునే వేళ నోటిఫికేషన్లలోని గుట్టును తానే దాచే ఏర్పాటు చేసింది. దారి అటువైపు ఉన్నది.

రెండవది నల్లతెర. బ్యాంకు సాఫ్టువేరులు అద్దంలో నల్లగా కనిపిస్తాయి. అది సబబే, ఖాతా వివరాలు హాలులో ప్రదర్శనకు కావు. కాని నెలనెలా చందా కట్టి చూసే సినిమా కూడా అద్దంలో నల్లబడుతుంది. నకలు తీస్తారేమోనని అనుమానం. నకలు తీసేవాడికి వేరే దారులెన్నో ఉన్నాయి. ఈ నల్లతెర ఎదురయ్యేది చందా కట్టి, సోఫాలో కూర్చుని, రిమోటును అటూ ఇటూ తిప్పుతున్న అమాయకుడికే. బ్యాంకు గుట్టుకూ సినిమా వ్యాపారానికీ ఒకే నల్లరంగు పూయడం వల్ల, తన టీవీయే పాడయిందని అతను అనుకుంటున్నాడు. ఎందుకు నల్లబడిందో ఒక వాక్యం తెరమీద వ్రాయడానికి ఏమంత ఖర్చు?

మూడవది, మిరాకాస్ట్ సరిగా పనిచేయదన్న నింద. ఇందులో నిజం లేకపోలేదు. ఒక టీవీతో ఇట్టే కలిసే ఫోను మరొక టీవీని చూడనైనా చూడదు. కలిశాక మధ్యలో తెగిపోతుంది. ఆటలు ఆడేవారికి ఆ ఆలస్యం గిట్టదు. అయితే పెద్ద సంస్థలు పట్టించుకోని ప్రమాణం బాగుపడేదెట్లా? తెలుగు యూనికోడు కూడా మొదట్లో తిన్నగా కనపడలేదు. వత్తులు విడిపోయేవి, గుడింతాలు చెదిరేవి. అందరూ వాడారు, తప్పులు చూపారు, దిద్దారు. వాడకం వల్ల మెరుగుపడేదాన్ని, మెరుగుగా లేదని వాడకుండా వదిలితే అది ఎప్పటికీ అట్లాగే ఉంటుంది.

కనుక నేను కోరేది ఎక్కువేమీ కాదు. అద్దాన్నీ అప్పగింతనూ ఒకే గుర్తు కింద కలపకుండా, రెంటికీ రెండు వేర్వేరు మీటలు, అన్ని ఫోన్లలో ఒకే పేరుతో ఉండాలి. ఏ కంపెనీ తన సొంత పద్ధతిని ఎంతగా ప్రచారం చేసుకున్నా, ఉమ్మడి పద్ధతిని కూడా తన పరికరంలో ఉంచాలి. ప్రజల సొమ్ముతో బడులకు కొనే తెరలకైతే ఈ నియమం టెండరు కాగితంలోనే ఉండాలి. ఇంటర్నెట్టు లేకుండా, ఏ కంపెనీ ఫోను నుండైనా పాఠం చూపించగలగాలని.

టీవీ కొనబోయే మిత్రులకు ఒక సూచన. అంగడిలో కుర్రవాడు తెరమీద రంగురంగుల చేపలను చూపించి మురిపిస్తాడు. వాటిని కాసేపు పక్కన పెట్టమనండి. మీ జేబులోని ఫోనును తీయండి, అందులో సొంతంగా తీసిన ఒక ఫోటోనో, దించుకున్న పాత పుస్తకంలో ఒక పుటనో తెరవండి. అంగడి వైఫైతో పనిలేకుండా దాన్ని టీవీలో చూపించమని అడగండి. చూపించగలిగితే బేరం మొదలుపెట్టండి.