కంప్యూటర్ వచ్చింది సరే.. ఆటిజం పిల్లల సంగతేంటి?

2025 ఫిబ్రవరిలో రాష్ట్ర ప్రభుత్వం ప్రాథమిక బడుల్లో ఏఐ సాయంతో చదువు నేర్పే కార్యక్రమాన్ని ఆరు జిల్లాల్లో మొదలుపెట్టింది. అందులో వికారాబాద్ ఒకటి. చదవడంలో వెనకబడిన పిల్లలను కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, ఎవరి స్థాయిని బట్టి వారికి పాఠం ఇవ్వడం దీని ఉద్దేశం. మరి దౌల్తాబాద్ లాంటి మండలంలో ఆటిజం ఉన్న పిల్లాడికి కంప్యూటర్ ఎంతవరకు పనికొస్తుంది?

కొంత మేలు ఖాయం. కంప్యూటర్ విసుక్కోదు. ఒకే అక్షరాన్ని ఒకే గొంతుతో ఎన్నిసార్లైనా చెప్తుంది. తరగతి గోల భరించలేని పిల్లలకు ఇది ఊరట. అయితే అందరికీ ఒకే పద్ధతి కుదరదు. 2020లో గూగుల్ తెచ్చిన 'రీడ్ అలాంగ్'లో తెలుగుతో పాటు ఉర్దూ కూడా ఉంది. కానీ అది పిల్లలు పైకి చదివితే విని తప్పులు దిద్దుతుంది. మాటలే రాని పిల్లాడికి అలాంటిది కష్టం. బొమ్మకు పదాన్ని జత చేసే పాఠాలు నయం. ఇంకొందరు గడగడా చదివేస్తారు, అర్థం అడిగితే చెప్పలేరు. అది కనిపెట్టాలంటే పక్కన మనిషి ఉండాల్సిందే.

మన ఇళ్లలో ఇంకో చిక్కు ఉంది. ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు. "ఉర్దూ ఆపేయండి, మాటలు వస్తాయి" అని సలహా ఇచ్చేవాళ్లు ఉన్నారు. రెండు భాషల వల్ల ఆటిజం పిల్లలకు నష్టమని పరిశోధనల్లో తేలలేదు. ఉర్దూ ఆపేస్తే దాదీ, నానీతో ఉన్న ఆ కాస్త మాటా పోతుంది.

అసలు అడ్డంకి అంతకు ముందే ఉంది. ఆటిజం అని తేలని పిల్లాడు బడి లెక్కలో మొండివాడు, లేదా మొద్దు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 వైకల్యాల్లో ఆటిజాన్ని చేర్చింది. వైకల్యం 40 శాతం, ఆపైన ఉంటే 6 నుంచి 18 ఏళ్ల వరకు ఉచిత విద్య హక్కు. దానికి వైకల్య సర్టిఫికెట్ కావాలి. ప్రత్యేక అవసరాల పిల్లలకు మండల స్థాయిలో భవిత కేంద్రాలు పెట్టారు. సికింద్రాబాద్‌లో మనోవికాస్ నగర్‌లోని జాతీయ సంస్థలో పరీక్షలు, శిక్షణ దొరుకుతాయి. కానీ "మాటలు లేటుగా వస్తాయిలే" అనుకుంటూ, తావీజు కట్టించి ఏళ్లు గడిపేస్తే ఆ పిల్లాడి పేరు ఏ జాబితాలోకీ ఎక్కదు.

దువా చేయండి, పరీక్షా చేయించండి. తర్వాత బడికెళ్లి హెడ్మాస్టర్‌ను రెండు ప్రశ్నలు అడగండి: కంప్యూటర్ పాఠానికి మా బాబును కూర్చోబెడుతున్నారా? భవిత టీచర్ వాడిని ఎప్పుడు చూస్తారు?