అత్తయ్యగారి ఫోటోలకు ఓ చిన్న యంత్రం

పోయిన సంక్రాంతికి తణుకు వెళ్ళాం. మా అత్తయ్యగారు అక్కడ మా మరిదిగారి దగ్గర ఉంటారు. ఎనభై నాలుగేళ్ళు నిండాయి. కాళ్ళూ చేతులూ నిక్షేపంగా ఉన్నాయి కాని, చూపు తగ్గింది, మరపు పెరిగింది. పండగనాడు మావాడు ఆవిడ పక్కన చేరి తన సెల్‌ఫోన్‌లో ఫోటోలు చూపించడం మొదలెట్టాడు. ఆవిడ ముచ్చటపడి వేలు పెట్టేసరికి ఫోటో కాస్తా ఎటో జారిపోయింది. "అయ్యో, పోయిందిరా!" అన్నారు. మళ్ళీ తెచ్చాడు. మళ్ళీ పోయింది. మూడోసారి ఒక పాప మొహం తెర నిండా వచ్చి నిలబడింది. అత్తయ్యగారు కళ్ళు చికిలించి చూసి, "ఈ పిల్ల ఎవరమ్మా, బొద్దుగా ఉందీ?" అన్నారు.

ఆ పిల్ల మా మనవరాలే. అదే సమయానికి ఆవిడ ఒళ్ళోనే కూచుని అరిసె కొరుకుతోంది. అందరూ గొల్లున నవ్వారు. అత్తయ్యగారు మాత్రం నవ్వలేదు.

రాత్రి పక్కలు వేస్తూంటే నన్ను దగ్గరకు పిలిచారు. "అమ్మాయ్, పిల్ల పేరొక కాగితం మీద వ్రాసివ్వవే. మళ్ళీ అడిగితే నవ్వుతారు" అన్నారు మెల్లిగా. నాకు గుండె కలుక్కుమంది. అంతటితో ఊరుకోక, ట్రంకుపెట్టె తీయించి, పట్టుచీరెల అడుగునుంచి ఒక ఫోటో తీశారు. 1958లో రాజమండ్రిలో తీయించిన ఆవిడ పెళ్ళి ఫోటో. అట్టమీద అతికించి ఉంది. వెనక వారి మామగారు కలంతో వరసగా ఎవరెవరు నిలుచున్నారో, ఎవరెవరు కూచున్నారో పేర్లు వ్రాశారు. "ఇది చూసుకునే ఇన్నాళ్ళూ అందరి పేర్లూ చెబుతున్నాను. మీ ఫోటోలకు వెనక వైపుండదు కదే" అన్నారు.

ఆ మాట నాతోపాటు హైదరాబాదు దాకా వచ్చింది.

మేముండేది కొండాపూర్‌లో. మావాడి ఆఫీసు సైబర్ టవర్స్‌కి కూతవేటు దూరం. 1998లో వాజపేయిగారు ఆ గుండ్రటి మేడను ప్రారంభించినప్పుడు చుట్టూ బండరాళ్ళే ఎక్కువని పాతవాళ్ళు చెబుతారు. ఇప్పుడు ఆ చుట్టుపక్కల కూర్చుని మన పిల్లలు ప్రపంచంలోని బ్యాంకులకూ విమానాలకూ ఆసుపత్రులకూ లెక్కలు వ్రాస్తున్నారు. ఇంతటి ఊళ్ళో ఉండి ఒక ముసలావిడ చేతికి నాలుగు ఫోటోలు అందించలేకపోయామే అని నాకు సిగ్గేసింది. ఫోటోలకు మన హైదరాబాదు కొత్తదా అంటే అదీ కాదు. ఆరో నిజాం కాలంలో రాజా దీన్ దయాళ్ ఇక్కడే పేరు తెచ్చుకున్నారు. ఘోషా పాటించే స్త్రీల కోసం 1892లో ప్రత్యేకంగా జెనానా స్టూడియో పెట్టి, అందులో తీసేవారు కూడా స్త్రీయే ఉండేటట్టు ఏర్పాటు చేశారు. ఆనాడు తీసిన బొమ్మలు ఈనాటికీ కాగితం మీద నిలిచి ఉన్నాయి. మా మనవరాలి మొదటి పుట్టినరోజు బొమ్మలు మాత్రం మావాడు ఫోను మార్చినప్పుడు సగం ఏమైపోయాయో ఎవరికీ తెలియదు.

"స్టూడియోకి పంపితే వాళ్ళే వేసి ఇస్తారుగా" అన్నారు మావారు. నిజమే. ఆ మాట మా ఇంట్లో రెండేళ్ళుగా వినబడుతోంది. ఫోటోలు ఏరేవాళ్ళుండరు, ఏరితే వెళ్ళేవాళ్ళుండరు. ఇంట్లో పెద్ద ప్రింటరొకటి ఉండేది. రంగు సిరాది. నాలుగు నెలలు వాడకపోతే సిరా చిమ్మే సన్నని రంధ్రాలు ఎండి పూడుకుపోయాయి. మనవరాలి మొహం మీద నిలువునా చారలు వచ్చాయి. శుభ్రం చేసే మీట నొక్కితే ఉన్న సిరా ఆ శుభ్రానికే ఖర్చయింది! అంచేత, అప్పుడొకటి ఇప్పుడొకటి వేసుకునే మాబోటి వాళ్ళకు తడి సిరా యంత్రం పనికిరాదని తేల్చుకుని, ఒక శనివారం మాదాపూర్‌లో ఒక పెద్ద దుకాణానికి వెళ్ళాం.

చిన్న ఫోటోలు వేసే బుల్లి యంత్రాలు ముఖ్యంగా మూడు రకాలు. నాకు అర్థమైనంతవరకు చెబుతాను.

మొదటిది జింక్ అనే రకం. సిరా లేనిదని ఆ పేరు. రంగులిచ్చే స్ఫటికాలు కాగితంలోనే ఉంటాయి. యంత్రం వేడి తగిలించగానే అవి రంగు తేలతాయి. జేబులో పడుతుంది, కాగితం తప్ప ఇంకేమీ కొననక్కరలేదు. ఫోటో రెండంగుళాలు, మూడంగుళాలు. వెనక జిగురు ఉంటుంది, పై పొర ఒలిచి పుస్తకానికో బీరువాకో అంటించుకోవచ్చు. కాలేజీ పిల్లలకు ముచ్చటైన వస్తువు. రంగులు మాత్రం కొంచెం అటూ ఇటూగా ఉంటాయి.

రెండోది ఇన్‌స్టాక్స్ వంటి ఫిల్ము రకం. ఇందులో జరిగేది పాతకాలపు ఫోటో పనే. యంత్రం లోపల వెలుగుతో ఫిల్ము మీద బొమ్మ పడుతుంది. బయటికి వచ్చాక తెల్లని కాగితం మీద కళ్ళముందే మొహం తేలుతుంది. చూస్తుంటే వింతగానే ఉంది. మా కోడలు దీని మీదే మనసుపడింది. అయితే మినీ రకంలో బొమ్మ వరకు 62 మిల్లీమీటర్లు, 46 మిల్లీమీటర్లు మాత్రమే. డబ్బాలో పది ఫిల్ములు. డబ్బా మీద గడువు తేదీ ఉంటుంది, ఎండకు పెట్టకూడదు. పైగా వెనక వైపు నల్లగా ఉంది.

"నలుపు మీద అత్తయ్యగారికి పేరు ఎలా కనిపిస్తుంది?" అన్నాను. దుకాణం అబ్బాయి తెల్లబోయాడు. ఫోటో వెనక గురించి అడిగినవాళ్ళు అతనికి అంతకుముందు తగిలినట్టు లేదు.

మూడోది రంగు రిబ్బను రకం. కానన్ సెల్ఫీ అన్నది ఈ జాతిదే. పేరు విని మావారు, "ఇది మన ఫోటో మనమే తీసుకునేదా?" అన్నారు. కాదు, పేరు మాత్రమే అది. పూజలో కర్పూరం చూస్తాం కదా, కరిగి నీరు కాకుండానే ఆవిరైపోతుంది. దాన్నే పుస్తకాల్లో ఉత్పతనం అంటారు. ఈ యంత్రానికి పేరు పెట్టినవారు ఆ సంగతే మనసులో పెట్టుకున్నారు. సన్నని రిబ్బను మీద పొడి రంగు ఉంటుంది. వేడి తగిలితే ఆ రంగు కాగితంలోకి ఎక్కుతుంది. కాగితం నాలుగుసార్లు లోపలికీ బయటికీ తిరుగుతుంది. మొదటిసారి పసుపు, రెండోసారి గులాబీ ఎరుపు, మూడోసారి నీలం, నాలుగోసారి పైన పారదర్శకమైన పూత. ఆ పూత వల్ల తడి వేలు పడినా ఫోటో చెడదు. అంతా కలిపి నిమిషం పట్టదు. రంగు పొడిగా ఉంటుంది గనక నాలుగు నెలలు మూల పడేసినా ఎండిపోయేదేమీ లేదు.

ఫోటో పోస్టుకార్డంత, 100 మిల్లీమీటర్లు, 148 మిల్లీమీటర్లు. చూపు తగ్గినవారికి అది ఎంత మేలో చెప్పనక్కరలేదు. వెనక తెల్లగా ఉంది. నేను అక్కడే నిశ్చయించేశాను. కోడలు కాస్త చిన్నబుచ్చుకుంది. "వచ్చే ఏడు నీ పుట్టినరోజుకు అది" అని సర్దిచెప్పాను.

ఇహ ఖర్చు సంగతి. యంత్రం ధర చూసి మురిసిపోకండి, జడిసిపోకండి. కాగితం, రిబ్బను కలిపి అమ్మే పెట్టె ధరను అందులోని కాగితాల సంఖ్యతో భాగించండి. 108 కాగితాల పెట్టె అయితే 108తో. అదే మీ ఒక్కో ఫోటో ఖర్చు. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, స్టూడియోలో వేయిస్తే ఇంతకంటే చవక. పెళ్ళి ఫోటోలు రెండు వందలు ఒకేసారి కావాలంటే నిక్షేపంలా స్టూడియోకే ఇవ్వండి. నలుపు తెలుపు ఫోటో వేసినా రిబ్బను అంతే ఖర్చవుతుంది, నలుపును కూడా ఆ మూడు రంగులతోనే తయారుచేస్తుంది గనక. కాగితాలు ఎన్నో రిబ్బను కూడా అన్నింటికే వస్తుంది, మధ్యలో అయిపోయే బెడద లేదు. ఒక కంపెనీ కాగితం ఇంకొకదానికి పనికిరాదు. అంచేత కొనేముందే ఆ కాగితం మన ఊళ్ళో ఎప్పుడూ దొరుకుతుందా అని అడగాలి.

ఇంటికి తెచ్చాక నేర్చుకున్నవి కొన్ని ఉన్నాయి. యంత్రాన్ని గోడకు ఆనించి పెట్టకూడదు. కాగితం వెనక నుంచి కూడా బయటికి వచ్చి వెళుతుంది. కాగితాలను అంచులు పట్టుకునే తీయాలి, దుమ్మో నూనె వేలో పడితే అక్కడ మచ్చే. ఫోను ఫోటో పొడవూ వెడల్పూ ఈ కాగితంతో సరిపోవు. నిండుగా వేస్తే దాదాపు పదో వంతు కత్తిరించుకుపోతుంది. మేము వేసిన మొట్టమొదటి గుంపు ఫోటోలో పొడుగాటి మా మరిదిగారి తల నుదుటి దగ్గర తెగిపోయింది! అప్పటినుంచి అంచు వదిలి వేస్తున్నాం. వాట్సాప్‌లో చేతులు మారిన ఫోటో పలచబడిపోతుంది, తీసినవారి దగ్గరి అసలు ఫోటోనే అడిగి తెప్పించుకోండి. అయిపోయిన రిబ్బనును దీపానికి ఎదురుగా పట్టి చూస్తే మీరు వేసిన బొమ్మలన్నీ అందులో తిరగబడిన రంగుల్లో కనిపిస్తాయి. చెత్తబుట్టలో వేసేముందు కత్తెరతో ముక్కలు చేయండి. ఫోటోలకు ఎండ తగలనివ్వకండి. వెనక బాల్‌పెన్నుతో నొక్కి వ్రాస్తే ముందువైపు గాడి పడుతుంది. చెరగని సిరా ఉన్న సన్నని స్కెచ్ పెన్నుతో వ్రాసి, ఆరాక దొంతర పెట్టండి.

వారం రోజులు మా భోజనాల బల్ల ఫోటో స్టూడియో అయింది. మావాడు ఆఫీసునుంచి రాగానే ఏరడం, కోడలు వేయడం, మనవరాలు కాగితం చివరల్లో చింపేందుకు ఉన్న తునకలను చింపడం, నేను వెనక పేర్లు వ్రాయడం. పెద్ద అక్షరాలతో వ్రాశాను. పేరు, వరస, ఊరు, సంవత్సరం. శిల్పారామంలో మనవరాలు, దుర్గంచెరువు వంతెన మీద మావాడూ కోడలూ, గృహప్రవేశం, శ్రీమంతం. మొత్తం 36 అయ్యేసరికి ఒక రిబ్బను సరిగ్గా పూర్తయింది. ఉగాదికి వెళ్ళి అత్తయ్యగారి చేతిలో పెట్టాను. ఒక్కొక్కటే తీసి, ముందు మొహం చూసి, వెనక తిప్పి, మళ్ళీ ముందుకు తిప్పి చూశారు. ఒక్కటీ జారిపోలేదు.

పదిహేను రోజులకు మరిదిగారి ఫోనులోంచి ఆవిడే పిలిచారు. ఇరుగుపొరుగు అమ్మలక్కలందరికీ పేరుపేరునా చూపించారట, ఒక్కరి పేరూ తప్పు పోలేదట. గొంతులో ఎంత గర్వమో! తరవాత ఒక క్షణం ఆగి, "అమ్మాయ్, అందరివీ ఉన్నాయి గాని నీ ఫోటో ఏదే? రోజూ వెతుకుతున్నాను" అన్నారు.

నాకు నోట మాట రాలేదు. ముప్ఫై ఏళ్ళుగా మా ఇంట్లో ఫోటోలు తీసేదాన్ని నేనే. అంచేత ఎందులోనూ నేను లేను. ఇంతమంది పేర్లు వ్రాసినదాన్ని, అది నాకు తోచనే లేదు.

ఆ సాయంత్రమే కోడలి చేత ఒకటి తీయించుకున్నాను. ఆ ఒక్క ఫోటో కోసం కొత్త రిబ్బను విప్పవలసివచ్చింది. విప్పాను. వెనక నా పేరు వ్రాసి, కింద "మీ పెద్దకోడలు" అని వ్రాసి మర్నాడే కొరియరులో పంపాను.

మీ ఇళ్ళలోనూ ఫోటోలు తీసే అమ్మలుంటారు. యంత్రం కొన్నా కొనకపోయినా, ముందు వాళ్ళదొకటి తీయండి.