అభిమాని అలక వెనుక: సీక్వెల్ తీసేవారికి కోల్‌కతా చెప్పే పాఠం

2019 డిసెంబర్ 20న రెండు సైన్స్ ఫిక్షన్ సినిమాలు విడుదలయ్యాయి. అమెరికాలో వచ్చింది ‘స్టార్ వార్స్: ది రైజ్ ఆఫ్ స్కైవాకర్’. 1977లో మొదలైన స్కైవాకర్ కుటుంబ గాథకు అది ముగింపు. కోల్‌కతాలో వచ్చింది ‘ప్రొఫెసర్ శంకు ఓ ఎల్ డొరాడో’. సత్యజిత్ రే 1961లో సృష్టించిన శాస్త్రవేత్త 58 ఏళ్ల తర్వాత ఈ సినిమాతో వెండితెర ఎక్కాడు. పెట్టుబడిలోనూ, మార్కెట్‌లోనూ ఈ రెండు సినిమాలకు పోలికే లేదు. కానీ రెండు చోట్లా అభిమానుల్లో ఒక వర్గం నిరాశతోనే ఇంటిదారి పట్టింది.

అభిమాని నిరాశను చిన్నపిల్లల మారాంగా తీసిపారేయడం తేలిక. ఎంత చేసినా వీళ్లకు నచ్చదని నిర్మాతలు విసుక్కోవడం కూడా మామూలే. అయితే కోల్‌కతా అనుభవాన్ని కాస్త దగ్గరగా చూస్తే ఈ నిరాశకు ఒక తర్కం ఉందని అర్థమవుతుంది. అభిమాని అడిగేది పాత కథను మళ్లీ చూపించమని కాదు. మళ్లీ ఎందుకు చెబుతున్నారో చెప్పమని.

డైరీలో పుట్టిన శాస్త్రవేత్త

బెంగాలీలకు సైన్స్ ఫిక్షన్ కొత్త కాదు. జగదీశ్ చంద్ర బోస్ 1896లోనే ఈ తరహా కథ రాశారు. 1963లో అద్రీశ్ బర్ధన్ కేవలం సైన్స్ ఫిక్షన్ కోసమే ‘ఆశ్చర్య’ అనే పత్రిక పెట్టారు. 1966లో కోల్‌కతాలో మొదలైన సైన్స్ ఫిక్షన్ సినీ క్లబ్‌కు రే అధ్యక్షుడు. తన తాత స్థాపించిన పిల్లల పత్రిక ‘సందేశ్’ను 1961లో మళ్లీ మొదలుపెట్టినప్పుడు, అందులోనే శంకు పుట్టాడు.

శంకు ఉండేది గిరిడీలో. అప్పుడు అది బిహార్, ఇప్పుడు జార్ఖండ్. ఇంట్లో పనివాడు ప్రహ్లాద్, న్యూటన్ అనే పిల్లి, విధుశేఖర్ అనే మరమనిషి. రోగాలు నయం చేసే మాత్ర, ఆకలి తీర్చే మాత్ర, శత్రువును మాయం చేసే తుపాకీ ఆయన కనిపెట్టినవే. కథలన్నీ ఆయన డైరీ రూపంలో సాగుతాయి. అసాధ్యమైన సంగతులను ఏమాత్రం తడబడకుండా దినచర్యలా రాసుకుపోయే ఆ గొంతులోనే సగం హాస్యం ఉంది. బొమ్మలు కూడా రే స్వయంగా వేశారు. గడ్డం, బట్టతల, కళ్లజోడుతో శంకు ఎలా ఉంటాడో మూడు తరాల పాఠకులకు ముందే తెలుసు.

రే కుమారుడు సందీప్ రే దర్శకత్వం వహించిన సినిమాలో ధృతిమాన్ ఛటర్జీ శంకుగా, శుభాశీష్ ముఖర్జీ నకూర్ బాబుగా నటించారు. బ్రెజిల్ వెళ్లి చిత్రీకరించారు. మూలకథకు విశ్వాసంగానే ఉన్నారు. చిక్కు కూడా అక్కడే వచ్చింది. డైరీలోని గొంతు తెర మీదికి రాదు. పాఠకుడు ఊహించుకున్న యంత్రానికి ఖర్చు ఉండదు, గ్రాఫిక్స్‌లో చూపిన యంత్రానికి ఉంటుంది. ఆ ఖర్చు చాలకపోతే ప్రేక్షకుడి కంటికి వెంటనే తెలిసిపోతుంది. ఎంత విశ్వాసంగా తీసినా, చదివినప్పుడు కలిగిన ఆశ్చర్యం మళ్లీ కలుగుతుందన్న హామీ లేదు.

రే తీసిన సీక్వెల్, రే వదిలేసిన సీక్వెల్

సీక్వెల్ ఎలా ఉండాలో కోల్‌కతాకు నేర్పింది కూడా రేనే. 1969లో వచ్చిన ‘గూపీ గాయిన్ బాఘా బాయిన్’ దెయ్యాల రాజు ఇచ్చిన వరాలతో నడిచే జానపద కథ. పిల్లలకూ పెద్దలకూ నచ్చింది. అవే వరాలు, అవే పాత్రలతో మరుసటి ఏడాదే ఇంకో సినిమా తీసి ఉంటే ఎవరూ కాదనేవారు కాదు. రే 11 ఏళ్లు ఆగారు. 1980లో వచ్చిన ‘హీరక్ రాజార్ దేశే’లో గూపీ, బాఘా వాళ్లే. కథ మాత్రం పూర్తిగా వేరు. వజ్రాల గనుల రాజు బడులు మూయిస్తాడు, పుస్తకాలు తగలబెట్టిస్తాడు. ఎదురు తిరిగినవాళ్లను ఒక యంత్రంలోకి తోసి, తన నినాదాలను వాళ్ల బుర్రల్లోకి ఎక్కిస్తాడు. ఎమర్జెన్సీ చూసిన ప్రేక్షకులకు ఇంకేమీ విడమరిచి చెప్పనక్కర్లేకపోయింది. చివరికి రాజే ఆ యంత్రంలో పడతాడు. జనంతో కలిసి తన విగ్రహాన్ని తానే కూలదోస్తాడు. పాత పాత్రలను కొత్త కాలానికి జవాబు చెప్పేలా చేయడమే ఆ సీక్వెల్ బలం.

దీనికి మరో వైపు ఫేలూదా ఉన్నాడు. రే తన డిటెక్టివ్ కథల్లో రెండింటిని తానే సినిమాలుగా తీశారు: 1974లో ‘సోనార్ కెల్లా’, 1979లో ‘జయ్ బాబా ఫేలూనాథ్’. వాటిలో జటాయు అనే రచయిత పాత్రలో సంతోష్ దత్తా ఎంతగా ఒదిగిపోయారంటే, ఆ తర్వాత కథలకు వేసిన బొమ్మల్లో రే జటాయు ముఖాన్నే ఆయన పోలికలకు మార్చుకున్నారు. 1988లో సంతోష్ దత్తా మరణించాక రే మళ్లీ ఫేలూదా సినిమా జోలికి వెళ్లలేదు. పాత్ర మీద సర్వహక్కులు ఉన్న మనిషే, ఆ ముఖం లేకుండా సినిమా వద్దనుకున్నారన్నమాట. ప్రతి కొత్త ఫేలూదా, ప్రతి కొత్త జటాయు వచ్చినప్పుడల్లా పెదవి విరిచే కోల్‌కతా అభిమానిని తప్పుపట్టే ముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

మార్చినా తప్పే, మార్చకపోయినా తప్పే

కొత్తగా తీస్తే అభిమానులు ఊరుకుంటారా అన్నది న్యాయమైన ప్రశ్నే. 2017లో వచ్చిన ‘ది లాస్ట్ జెడై’ ఆ సాహసం చేసింది. నాయిక రే తల్లిదండ్రులు అనామకులని, గొప్పతనానికి వంశం అక్కర్లేదని చెప్పింది. వీరుడు ల్యూక్‌ను విరక్తితో ఒంటరిగా బతుకుతున్న ముసలివాడిగా చూపింది. అభిమానులు నిలువునా చీలిపోయారు. ఆ సినిమాలో నటించిన కెల్లీ మేరీ ట్రాన్ మీద జాతి విద్వేషంతో దాడి జరిగింది. 2018లో ఆమె తన ఇన్‌స్టాగ్రామ్ పోస్టులు తొలగించాల్సి వచ్చింది. అది నిరాశ కాదు, వేధింపు. నచ్చలేదని చెప్పే హక్కు నటి మీద పగబట్టే హక్కు కాదు.

అయితే ఆ తర్వాత జరిగినది కూడా చూడాలి. 2019 సినిమా వెనకడుగు వేసింది. ఎప్పుడో చనిపోయాడనుకున్న చక్రవర్తిని మళ్లీ లేపింది. అనామకురాలు అనుకున్న నాయికను అతని మనవరాలిని చేసింది. అలిగినవాళ్లను బుజ్జగించడానికి తీసినట్లున్న ఆ సినిమా వాళ్లను పూర్తిగా మెప్పించలేదు, ముందు సినిమా నచ్చినవాళ్లను కూడా దూరం చేసుకుంది. ప్రపంచవ్యాప్త వసూళ్లు 2015 సినిమాకు సుమారు 207 కోట్ల డాలర్లు, 2017 సినిమాకు 133 కోట్లు, 2019 సినిమాకు 107 కోట్లు. వసూళ్లు తగ్గడానికి కారణం ఒక్కటే కాకపోవచ్చు. కానీ భయంతో తీసిన కథ ఎవరికీ దగ్గర కాలేదన్నది స్పష్టం.

హక్కుదారు ఒకరు, ఆప్తులు లక్షలు

అభిమాని నిరాశకు చట్టపరమైన కోణం కూడా ఉంది. మన కాపీరైట్ చట్టం ప్రకారం రచయిత మరణించాక 60 ఏళ్ల వరకు హక్కులు ఉంటాయి. రే 1992లో మరణించారు. అంటే 2052 చివరి వరకు శంకును తెర మీదికి తేవాలంటే వారసుల అనుమతి తప్పనిసరి. జార్జ్ లూకాస్ 2012లో తన సంస్థను సుమారు 400 కోట్ల డాలర్లకు డిస్నీకి అమ్మారు. ఒక చోట కుటుంబం, మరో చోట కంపెనీ. రెండు చోట్లా తలుపు తాళం ఒకరి దగ్గరే ఉంటుంది.

షెర్లాక్ హోమ్స్ సినిమా ఒకటి నచ్చకపోతే ఇంకొకటి చూసుకోవచ్చు. వెండితెర మీద శంకు విషయంలో ఆ వెసులుబాటు లేదు. వచ్చిన ఒక్క సినిమా తన మనసులోని శంకుకు దూరంగా ఉంటే, అభిమానికి అది ఒక సాయంత్రం వృథా కావడం కాదు. ఇంకో అవకాశం ఎప్పుడొస్తుందో తెలియని నష్టం. సందీప్ రే వైపు నుంచి చూస్తే ఇదే బరువు ఇంకో రకంగా ఉంటుంది. మారిస్తే తండ్రి సృష్టిని పాడుచేశాడంటారు. మార్చకపోతే కొత్తదనం లేదంటారు.

విచిత్రమేమిటంటే సినిమాకు ఆధారమైన కథ కూడా హక్కుల గురించే. శంకు ఆవిష్కరణలను కొనేయాలని బ్లూమ్‌గార్టెన్ అనే అమెరికన్ కోటీశ్వరుడు వెంటపడతాడు. శంకు అమ్మడు. నకూర్ బాబుకు లేనిదాన్ని ఉన్నట్లు చూపించే శక్తి ఉంది. ఆ శక్తితో కోటీశ్వరుడిని ఎల్ డొరాడో అనే బంగారు నగరం వైపు మళ్లిస్తాడు. ఆ నగరం ఉన్నది చూసేవాడి మనసులోనే.

తెలుగు తెర ముందున్న ప్రశ్న

ఇది బెంగాలీల గొడవేనని తెలుగు ప్రేక్షకులు అనుకోవడానికి లేదు. 1991 నాటి ‘ఆదిత్య 369’కు కొనసాగింపుగా ‘ఆదిత్య 999 మ్యాక్స్’ వస్తుందని, అందులో మోక్షజ్ఞ నటిస్తారని బాలకృష్ణ చాన్నాళ్ల కిందటే ప్రకటించారు. 2024 జూన్ 27న విడుదలైన ‘కల్కి 2898 ఏడీ’ కథను సగంలో ఆపి రెండో భాగానికి వదిలింది. ఆ భాగంలో దీపికా పదుకొణె ఉండరని 2025 సెప్టెంబర్‌లో నిర్మాణ సంస్థ వెల్లడించింది. మొదటి భాగానికి ఇరుసులాంటి పాత్ర ఆమెదే కనుక అభిమానులు కలవరపడటంలో వింత లేదు.

సింగీతం శ్రీనివాసరావు కాలయంత్రం ఒకవైపు శ్రీకృష్ణదేవరాయల సభకూ, మరోవైపు అణుయుద్ధం తర్వాతి భవిష్యత్తుకూ తీసుకెళ్లింది. 1991లో ఆ రెండు ప్రయాణాలూ తెలుగు ప్రేక్షకుడికి కొత్త. ఈ రోజు అదే యంత్రాన్ని మరింత మెరుగైన గ్రాఫిక్స్‌తో తిప్పి చూపిస్తే సరిపోదు. వారసుడి పరిచయానికో, మార్కెట్ లెక్కకో వాడుకుంటే అసలే సరిపోదు. ఇప్పటి ప్రేక్షకుడు ఏ గతంలోకి వెళ్లాలి, ఏ భవిష్యత్తుకు భయపడాలి? రే 11 ఏళ్లు ఆగి జవాబు చెప్పింది ఇలాంటి ప్రశ్నకే. ఆ జవాబు లేకుండా సెట్లు వేస్తే, ఎన్ని కోట్లు పోసినా అభిమాని అలక తీరదు.